పలకరాయి దీవిలో ఒక పూట

ఆదివారం. ఎండ ఉంది, గాలి లేదు. స్కాట్లండ్ పడమటి తీరాన ఇలాంటి రోజు దొరికితే ఈస్‌డేల్ దీవి చూడాలి. ఓబన్ పట్నం నుంచి రోడ్డున పాతిక కిలోమీటర్లు. ఆ రోడ్డు చివరనున్న ఊరు ఎలెనబీచ్‌ని కూడా చాలామంది ఈస్‌డేల్ అనే అంటారు, అదే దీవి అనుకుని అక్కడే ఆగిపోకూడదు. అసలు దీవికి చిన్న పడవ ఎక్కాలి, నాలుగైదు నిమిషాల్లో దాటిస్తుంది. పడవ అవతలి ఒడ్డున ఉంటే రేవు షెడ్డులో మీట నొక్కి పిలవాలి.

దీవిలో కార్లు లేవు. రేవులో ఒంటిచక్రం తోపుడుబళ్లు వరుసగా పెట్టి ఉంటాయి. ఇళ్లకు సామాను చేరేది వాటి మీదే. జనం అరవై మంది అటూఇటూ. పలకరాయి గనులు నడిచిన రోజుల్లో ఐదొందల దాకా ఉండేవారు. మన మార్కాపురం పలకలు బడిపిల్లల చేతుల్లోకి వెళ్తే, ఈ రాయి ఇళ్ల కప్పుల మీదికెక్కింది.

ఆ కప్పుల్ని కాస్త ఆగి చూడాలి. రాయి ఒకే కొలతకు చీలదు. అందుకే పెద్ద పలకలు చూరు దగ్గర, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి. ఏ ముక్కా వృథా కాదు. ఒక్కో పలకకు పైఅంచున ఒకటే మేకు. కింది పలక పగిలితే పైదాన్ని పక్కకు తిప్పి కొత్తది దూర్చేస్తారు. చెడేది ఎక్కువగా మేకే. అది తుప్పు పట్టి తెగుతుంది, గట్టి పలక కిందికి జారుతుంది.

1881 నవంబరు తుఫానులో సముద్రం గనుల్లోకి వచ్చి పడింది. ఆ దెబ్బ నుంచి పని మళ్లీ కోలుకోలేదు. గుంతలు ఇప్పుడు నీలి కొలనులు. అంచున పలకముక్కలు కాలికింద జారతాయి, నీళ్లు ఒక్కసారిగా లోతు. పిల్లల చెయ్యి వదలొద్దు.

సెప్టెంబరులో ఒక కొలను మీద రాళ్లతో కప్పగంతులు వేయించే ప్రపంచ పోటీ జరుగుతుంది. 1983లో మొదలైంది. దీవి రాయే వాడాలి, అడ్డం మూడు అంగుళాలు దాటకూడదు. మనిషికి మూడు విసుర్లు. రాయి కనీసం రెండు గంతులు వెయ్యాలి, ఆపైన లెక్కలోకి వచ్చేది దూరమే. రాయి ముందంచు కొంచెం పైకెత్తి, చూపుడువేలితో గిర్రున తిప్పి వదలాలి. తిరగకపోతే ఒరిగి మునుగుతుంది. 2025లో కొందరు రాళ్లను గుండ్రంగా అరగదీసి తెచ్చి దొరికిపోయారు. ఎదుటి గోడ 63 మీటర్ల దూరంలో ఉంటుంది. ఇద్దరి మొత్తం దూరం సమానమైతే మళ్లీ విసురుకోవాల్సిందే.