చదవలేని పుస్తకాల మధ్య

రాత్రి పదకొండున్నర దాటింది. అమ్మకు మాత్రలు వేసి, దోమతెర సర్ది వచ్చాను. ఆయన పది గంటలకే నిద్రపోయారు. నాకు కునుకు పట్టడం లేదు. సాయంత్రం మరిది అన్న మాట ఒకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది.

"అంత దూరం వెళ్ళి పుస్తకాల షాపు ఫొటోలు తీసుకొచ్చారా వదినా? అందులో ఒక్క పుస్తకమైనా మీరు చదవగలరా?"

అంతే. వెటకారంగా కూడా అనలేదు. బజ్జీలు తింటూ, ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ అన్నాడు. తోటికోడలు నవ్వింది, ఆయనా నవ్వారు. నేను పాలు పొంగుతాయేమో అన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పాలు అప్పటికే దించేసి ఉన్నాయి. గట్టు దగ్గర ఊరికే నిలబడ్డాను.

పొద్దున్నుంచి రోజు బాగానే గడిచింది. నీళ్ళ లారీ చెప్పిన సమయానికే వచ్చింది, చెన్నైలో మా వెస్ట్ మాంబళంలో అదే పెద్ద వార్త. అమ్మ చాలా రోజుల తర్వాత రెండు ఇడ్లీలు తిన్నది. ఊరి నుంచి వచ్చి మూడు వారాలైనా విప్పని సూట్‌కేసు ఈ రోజే ఖాళీ చేశాను. ఇంత మంచి రోజును ఒక్క మాట తినేసింది.

అర్జెంటీనాలో ఉన్న పెద్దమ్మాయి దగ్గరికి వెళ్ళిన నెల రోజుల్లో జలపాతాలు చూశాం, నది చూశాం, గులాబీ రంగు అధ్యక్ష భవనం చూశాం. నా మనసు మాత్రం బ్యూనస్ ఐరిస్‌లోని ఆ ఒక్క షాపులోనే ఉండిపోయింది. ఎల్ అతెనెయో గ్రాండ్ స్ప్లెండిడ్. శాంతా ఫే వీధిలో బట్టల దుకాణాల వరుస మధ్యలో ఉంటుంది. బయటి నుంచి చూస్తే అంత ప్రత్యేకంగా అనిపించలేదు. లోపలికి నాలుగడుగులు వేసి తల ఎత్తాను, ఇక కదలలేకపోయాను.

అది 1919లో కట్టిన నాటకశాల. వెయ్యికి పైగా కుర్చీలు ఉండేవట. 1929లో ఆ దేశంలో మొదటి టాకీలు ఆడింది అక్కడే. 2000లో ఒక పుస్తకాల సంస్థ అద్దెకు తీసుకుని, కుర్చీలు తీసేసి అల్మారాలు పెట్టించింది. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంచారు. మన లెక్కలో నేల టికెట్టు వాళ్ళు కూర్చునే చోట ఇప్పుడు నవలలు, చరిత్ర, వంటల పుస్తకాలు. చుట్టూ అంతస్తు మీద అంతస్తుగా బాల్కనీలు, వాటి అంచుల వెంట బంగారు రంగు లతలు, దీపాల వరుసలు. పైన గుమ్మటం నిండా నజరేనో ఓర్లాండి వేసిన బొమ్మ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి శాంతి వచ్చిందన్న సంతోషంతో వేసిన బొమ్మ అది. ఎదురుగా వేదిక, దానికి రెండు పక్కలా ఎర్రటి మఖమలు తెర. వేదిక మీద బల్లలు వేసి కాఫీ అమ్ముతున్నారు. నటులు నిలబడిన చోట ఒక ముసలాయన పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు.

ఆ సంతోషం సరిగ్గా పావుగంట ఉంది. తర్వాత కోపం మొదలైంది.

మెట్ల దగ్గర నిలబడటానికి చోటు లేదు. బాల్కనీ కడ్డీ పట్టుకుని ఫొటో దిగడానికి వరుస. ఒకామె అందమైన టోపీ పెట్టుకుని వచ్చింది. అల్మారాలోంచి చేతికందిన పుస్తకం లాగింది, మధ్యకు తెరిచింది, తల వంచి చదువుతున్నట్టు నిలబడింది. పక్కనున్నతను పది ఫొటోలు తీశాడు. ఆమె పుస్తకం మూసి పక్క అల్మారాలో అడ్డంగా పెట్టేసి వెళ్ళిపోయింది. అది ఏ పుస్తకమో కూడా చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ పుస్తకాన్ని తీసి, రంగు చూసి, అదే వరుసలో అదే సైజు పుస్తకాల పక్కన నిలబెట్టాను. పెద్దమ్మాయి "అమ్మా, వదిలెయ్యి, షాపు వాళ్ళు సర్దుకుంటారు" అంటూనే ఉంది. 2019లో నేషనల్ జియోగ్రాఫిక్ దీన్ని ప్రపంచంలోకెల్లా అందమైన పుస్తకాల షాపు అన్నదట. ఆ మాటే దీనికి దిష్టి అయిందనుకున్నాను. పుస్తకాలకు ఇంత అవమానం మన ఊళ్ళో పాత పుస్తకాల బండి మీద కూడా జరగదు. అక్కడ అటూ ఇటూ తిరగేసేవాడు కనీసం వెల చూస్తాడు.

ఆ గొడవ భరించలేక రెండో అంతస్తులో ఒక బాక్సులోకి వెళ్ళి కూర్చున్నాను. వేదికకు ఎడమవైపు, మూడోది. ఒకప్పుడు ధనవంతులు కుటుంబంతో కూర్చుని నాటకం చూసిన చిన్న గది. ఇప్పుడు ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు, కొనమని అడిగేవారు లేరు. వచ్చేటప్పుడు బయటి అల్మారాలోంచి బూడిద రంగు అట్ట ఉన్న సన్నటి స్పానిష్ పుస్తకం ఒకటి తీసుకున్నాను. అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. నాలుగు పేజీలు తిప్పి, అలవాటు కొద్దీ చివరి పేజీకి వెళ్ళాను.

ఈ అలవాటు నాన్నది. మన టపాలు మొదటి నుంచి చదివినవాళ్ళకు నాన్న సంగతి తెలుసు. తెలుగు ప్రెస్సులో ప్రూఫు రీడరుగా ముప్పై ఏళ్ళు చేశారు. ఏ పుస్తకం చేతికి వచ్చినా ముందు పేరు చూసేవారు కాదు, ఏ ప్రెస్సులో అచ్చయిందో చూసేవారు. ఆ చిన్న అక్షరాల వరుస చదివి "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" లోనే కాగితం ఎలాంటిది, ఒత్తులు విరిగాయా లేదా, ప్రూఫు చూసింది చేయి తిరిగినవాడా కాదా, అన్నీ ఉండేవి. మద్రాసు తెలుగు అచ్చుకు పుట్టిల్లులాంటి ఊరు. వావిళ్ళ వారి ముద్రణాలయం 1854లో మొదలైంది ఇక్కడే, ఆంధ్రపత్రిక బొంబాయి నుంచి 1914లో వచ్చి చేరింది ఇక్కడికే. చందమామ 1947లో పుట్టిందీ ఇక్కడే. నాన్న ఆ గాలి పీల్చి బతికిన మనిషి.

నాకు పదేళ్ళప్పుడు, సెలవుల్లో, ఆయన వెంట మౌంట్ రోడ్డు పోస్టాఫీసుకు వెళ్ళేదాన్ని. విజయవాడలో ఉండే రచయితలకు ప్రూఫులు బుక్ పోస్టులో పంపాలి. గాలీ ప్రూఫులంటే పొడవాటి కాగితాలు, మడత పెడితే సిరా అంటేది. నాన్న వాటిని పాత కాగితంలో చుట్టి, పురికొస కట్టి, ముడి మీద వేలు పెట్టమని నాకు చెప్పేవారు. నేను వేలు పెడితే ఆయన ముడి బిగించేవారు. ఇప్పటికీ ఏదైనా పార్సిలు కడుతుంటే నా చూపుడు వేలు దానంతట అదే ముందుకు వస్తుంది. పని అయ్యాక, ఆ ఆవరణలోనే ఉన్న ఒక పాత కట్టడం దగ్గర నాన్న ఆగారు ఒకరోజు. ముఖద్వారం మీద వంపులు తిరిగిన పనితనం, లోపల స్టాంపులు సేకరించేవాళ్ళ కోసం కౌంటరు. "చూడమ్మా, ఇది ఒకప్పుడు సినిమా హాలు. ఎలక్ట్రిక్ థియేటర్ అనేవారు" అన్నారు. నేను నమ్మలేదు. తెర ఎక్కడ అని అడిగాను. ఆయన స్టాంపుల కౌంటరు వెనక గోడ చూపించారు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. 1913లో వార్విక్ మేజర్ అనే ఆయన కట్టించాడు. రెండేళ్ళకే తపాలా శాఖ కొనేసింది. అందుకే మిగిలింది.

మరి మిగలనిదో? అక్కడ బాక్సులో కూర్చుని నేను ఏడ్చినంత పని చేసింది దాని గురించే. మచిలీపట్నం నుంచి వచ్చి, మద్రాసులో ఫొటో స్టూడియో నడిపి, గుడారంలో బొమ్మలు చూపించి, 1914లో గెయిటీ కట్టించిన రఘుపతి వెంకయ్య. ఈ ఊళ్ళో ఒక భారతీయుడు కట్టించిన మొదటి సినిమా హాలు అది, కట్టించినవాడు తెలుగువాడు. బ్యూనస్ ఐరిస్ నాటకశాల కట్టించిన మాక్స్ గ్లూక్స్‌మన్ కూడా పరదేశం నుంచి వచ్చి, ఫొటోగ్రఫీ సామాను అమ్మే చోట పనికి చేరి, సినిమాల్లోకి వచ్చినవాడే. ఇద్దరి కట్టడాలకూ మధ్య అయిదేళ్ళు తేడా. ఒకటి గుమ్మటంతో, తెరతో, బంగారు లతలతో నిలబడి ఉంది. రెండోది లేదు. పడగొట్టేశారు. వెంకయ్య పేరు మీద ప్రభుత్వం బహుమతి ఇస్తుంది, ఆయన కట్టిన గోడ ఒక్కటి చూపించమంటే చూపించలేం. మనకు నిలబెట్టుకోవడం చేతకాదు అని అప్పుడు కచ్చితంగా అనుకున్నాను. ఈ టపా మొదలుపెట్టినప్పుడు కూడా అదే రాద్దామనుకున్నాను.

రాస్తుంటే మాత్రం ఆ మాట మీద నిలబడలేకపోతున్నాను. ఆ నాటకశాలను అక్కడివాళ్ళు పూజగదిలా దాచుకోలేదు. సినిమా హాలు చేశారు, తర్వాత పుస్తకాలు అమ్ముతామని ఎవరో అద్దెకు తీసుకున్నారు. ఇక్కడ స్టాంపులు అమ్మబట్టి ఎలక్ట్రిక్ థియేటర్ బతికింది. రోజూ తలుపు తీసి, ఊడ్చి, దీపం వేసే పని ఎవరికో ఒకరికి ఉండాలి. ఫొటోల కోసం వచ్చే ఆ టోపీ ఆమె కూడా ఆ తలుపు తీయించేవాళ్ళలో ఒకతె. ఆమె మీద అంత మండిపడాల్సింది కాదు. అయినా పుస్తకం అడ్డంగా పెట్టడం తప్పే, అది ఒప్పుకోను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఇందాకటి నుంచి దాటవేస్తున్నాను.

ఆ బూడిద రంగు పుస్తకం చివరి పేజీలో, ఎక్కువ ఖాళీ వదిలి, అడుగున నాలుగు చిన్న వరుసలు ఉన్నాయి. బ్యూనస్ ఐరిస్ అన్న మాట గుర్తుపట్టాను, అంకెల్లో సంవత్సరం గుర్తుపట్టాను. మిగతాది పెద్దమ్మాయి చదివి చెప్పింది. ఈ పుస్తకం అచ్చు ఫలానా నెలలో, ఫలానా ప్రెస్సులో ముగిసింది అని. అక్కడ చాలా పుస్తకాల్లో అలాగే వేస్తారట. "ముద్రణ ముగిసింది" అన్న మాట వినగానే నాన్న "ఊఁ" అన్నట్టే అనిపించింది. ఫోను తీసి ఆ పేజీని ఫొటో తీసుకున్నాను. "కొనుక్కో అమ్మా" అన్నది పెద్దమ్మాయి. మా ఆయన కూడా పర్సు తీశారు.

"చదవలేని పుస్తకం మనకెందుకు?" అన్నాను నేను. పుస్తకం తీసిన చోట పెట్టేసి వచ్చాను.

మరిది మాట అంతగా గుచ్చుకోవడానికి కారణం అదే. ఆ మాట ముందు నేనే అన్నాను. నాన్న ప్రూఫు చూసిన పుస్తకాలు అన్నీ ఆయనకు అర్థమయ్యేవా? ఆయుర్వేదం, జ్యోతిషం, లెక్కలు. ఒక్క అచ్చుతప్పు లేకుండా చూసేవారు, ప్రెస్సు నుంచి వచ్చిన మొదటి ప్రతిని రెండు చేతులతో తీసుకునేవారు. ఆయన కూతుర్ని అయి ఉండి నేను అలా ఎలా అన్నాను?

ఇంకొకటి కూడా ఇప్పుడే గుర్తొస్తోంది. వాళ్ళు వెళ్ళేటప్పుడు మరిది చెప్పులు వేసుకుంటూ ఆగాడు. ఫోను మళ్ళీ అడిగి తీసుకుని, వేదిక ఉన్న ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "తెర అలాగే ఉంచారా వదినా?" అని అడిగాడు. ఉంచారు, రెండు పక్కలకూ లాగి కట్టారు అన్నాను. నా గొంతులో అప్పటికి ఇంకా బిగువు పోలేదు. అతను తల ఊపి మెట్లు దిగిపోయాడు. చింతాద్రిపేటలో పుట్టి పెరిగినవాడు, చిన్నప్పుడు గెయిటీలో మ్యాట్నీలు చూసినవాడు. దాన్ని పడగొట్టినప్పుడు వారం రోజులు ఆ దారిన వెళ్ళకుండా చుట్టు తిరిగి ఆఫీసుకు వెళ్ళాడని అత్తయ్య చెప్పేవారు. అది తెలిసీ సాయంత్రమంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను.

పన్నెండూ ముప్పావు. అక్కడ ఇప్పుడు సాయంత్రం నాలుగుంపావు, షాపు తెరిచే ఉంటుంది. చివరి పేజీ ఫొటో పెద్దమ్మాయికి పంపాను. ఈ పుస్తకం కావాలి, ఎప్పుడైనా అటు వెళితే కొను అని రాశాను. నిమిషంలో జవాబు వచ్చింది. "అట్ట ఫొటో లేదా? పేరు తెలియకుండా ఎలా వెతకను?"

"రెండో అంతస్తు. వేదికకు ఎడమవైపు మూడో బాక్సు. బయట అల్మారా, పై నుంచి రెండో వరుస. బూడిద రంగు, సన్నటిది. దొరక్కపోతే చివరి పేజీలు చూడు. అలాగే తెర ఒక్కదాన్నే దగ్గరి నుంచి ఫొటో తియ్యి, బాబాయికి పంపాలి."

"శనివారం వెళ్తాను. ఇంకా పడుకోలేదా నువ్వు?"

అమ్మ దగ్గుతోంది. మంచినీళ్ళు ఇచ్చి రావాలి.