పాదువా పిల్లలకు అంతోనివారి కథ

గుంటూరు జిల్లాలో ఉన్న మా అమ్మకు పునీత పాదువాపురి అంతోనివారంటే మంగళవారపు నవదిన ప్రార్థన, పోయిన వస్తువు దొరికితే తీర్చుకోవలసిన మొక్కు. ఇటలీలోని ఆ పాదువాలోనే పుట్టి పెరుగుతున్న నా పిల్లలకు ఆయన ఊరి పెద్ద. ఇక్కడివారు పేరైనా చెప్పకుండా 'ఇల్ సాంతో' (ఆ పునీతుడు) అంటే చాలు, అది ఎవరో అందరికీ తెలుసు. నేను మాత్రం వారికి ఎక్కడినుంచో వచ్చిపడిన మనిషిగా ఆయనను చెప్పాలనుకుంటాను.

1195 ప్రాంతంలో లిస్బన్‌లో ఫెర్నాండోగా పుట్టి, అగస్టీనియన్ మఠంలో చేరి, కొయింబ్రాలో వేదగ్రంథం చదువుకుంటున్న ఆయన, మొరాకోలో హతులైన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల అవశేషాలు 1220లో ఆ ఊరికి చేరినప్పుడు వారి సన్యాసి సభలోకి మారి, అంతోని అన్న పేరుతో తానూ మొరాకోకు బయలుదేరాడు. అక్కడ జబ్బుపడి తిరిగివస్తుంటే, గాలివానకు ఓడ సిసిలీ వైపు కొట్టుకుపోయిందని చరిత్రకారులు చెబుతారు. అంటే ఇటలీ ఆయన కోరుకుని వచ్చిన దేశం కాదు. 1222లో ఫోర్లీలో ప్రసంగించడానికి ఎవరూ సిద్ధంగా లేక ఈ కొత్త మనిషిని లేపి మాట్లాడమంటే, విన్నవారు నివ్వెరపోయారట. అప్పటినుంచి ఉత్తర ఇటలీ, దక్షిణ ఫ్రాన్స్ అంతా ప్రసంగాలే.

రిమినిలో చేపలకు బోధించిన కథ పిల్లలకు ఇష్టం. నాకు 1231 ఇష్టం. ఆ ఏడాది ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలమంతా ఆయన పాదువాలో రోజూ ప్రసంగించాడు. వడ్డీవ్యాపారం బలిసిన ఊరు అది. బాకీ తీర్చలేనివాడిని జైల్లో పెట్టేవారు. ఆ మార్చిలో నగరపాలకులు, సోదరుడు అంతోని కోరిక మేరకే అని రాసి మరీ, ఆస్తిని అప్పిచ్చినవారికి అప్పగించినవాడిని, అతనికి హామీ ఉన్నవాడిని ఖైదు చేయరాదని శాసనం చేశారు. మహిమలకన్నా ఈ ఒక్క కాగితమే నాకు గొప్పగా తోస్తుంది. మిర్చి పంట కోసం మా తాత చేసిన అప్పు సంగతి పిల్లలకు తెలిసింది కూడా ఈ కథ మధ్యలోనే, "మరి తాతయ్య పొలం ఇచ్చేశాడా?" అని మా అబ్బాయి అడిగాడు. సగం ఇచ్చేశాడని చెప్పాను.

ఆ జూన్ 13న, పాదువాకు తీసుకువస్తుండగా, ఊరి పొలిమేరలోని ఆర్చెల్లాలో ఆయన కన్నుమూశాడు. ఏడాదైనా తిరగకముందే 1232 మే 30న పునీతుడిగా ప్రకటించారు. ఆయన పేరిట ఉన్న పెద్ద చర్చి బసిలికాలో సమాధి వెనుక పాలరాతి పలక ఉంది. జనం వరసగా వచ్చి దానికి అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడతారు. వీడియో కాల్‌లో అమ్మమ్మ తన తరఫున కూడా చేయి పెట్టమంటుంది కనుక అమ్మాయి రెండు చేతులూ పెడుతుంది. 1263లో సమాధి తెరిచినప్పుడు చెడకుండా కనిపించిందంటూ భద్రపరచిన నాలుక దగ్గరకు మాత్రం అబ్బాయి రాడు.

లిస్బన్‌వారు ఆయనను నేటికీ లిస్బన్ అంతోని అనే అంటారు. ముప్ఫై ఆరేళ్ల జీవితంలో ముప్పాతిక వంతు దాదాపు పోర్చుగల్‌లోనే గడిచింది కనుక వారిదే న్యాయమని అమ్మాయి వాదన. "అలాగైతే నువ్వు గుంటూరుదానివి ఎలా అవుతావు, అక్కా? అక్కడికి సెలవులకే కదా వెళతావు" అని తమ్ముడు అందుకోవడంతో అంతోనివారి తగవు కాస్తా వారిద్దరి తగవుగా మారింది.