డాట్ కామ్ ఎవరి పేరున ఉంది? కడప బండల ఫ్యాక్టరీ వెబ్ చిరునామాతో నా అనుభవం

మా బావకు ఎర్రగుంట్ల దగ్గర కడప బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. బెంగళూరు, చెన్నై నుంచి వచ్చే ఆర్డర్లలో చాలావరకు వెబ్‌సైట్‌లో బండల ఫోటోలు చూసి ఫోన్ చేసేవారివే. అలాంటి సైట్ ఉన్నట్టుండి కొద్దిరోజులు ఎవరివో ప్రకటనలు చూపించి, ఆ తర్వాత తెరుచుకోవడమే మానేసినప్పుడు, దాని సంగతి చూసే పని కడపలో ఖాతాలు రాసుకునే నా మీద పడింది. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు తప్ప కంప్యూటర్‌తో నాకు వేరే పని లేదు. ఆ చిరునామాను తిరిగి రాబట్టుకునే క్రమంలో నేర్చుకున్న సంగతులు కొత్తవారికి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

మొదట తెలిసినది, సైట్ వేరు, దాని పేరు వేరు అని. ఫోటోలు, పేజీలు ఉండే చోటును హోస్టింగ్ అంటారు. దానికి మేము కట్టిన డబ్బు ఇంకా నడుస్తూనే ఉంది, ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. పోయింది పేరు మాత్రమే. ఒక పేరు స్థితి తెలుసుకోవడానికి, వెబ్ పేర్ల నిబంధనలు చూసే ఐకాన్ సంస్థ వారి లుకప్ పేజీ ఉంది. అందులో మా పేరు కొడితే ఏ రిజిస్ట్రార్ (పేర్లు నమోదు చేసే అమ్మకందారు) దగ్గర నమోదైందో, ఎప్పుడు మొదలైందో, గడువు ఎప్పుడు ముగిసిందో వచ్చాయి. యజమాని వివరాలు మాత్రం కనబడలేదు. స్థితి అన్నచోట ‘రిడెంప్షన్ పీరియడ్’ అని ఉంది.

దాని అర్థం తెలియాలంటే ఈ పేర్ల పెత్తనం ఎవరిదో తెలియాలి. వెబ్ చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవాలి. చిట్టచివర ఉన్న కామ్, ఆర్గ్, ఇన్ వంటివి పై అంతస్తు. ఒక్కో తోకకు ఒక్కో రిజిస్ట్రీ ఉంటుంది, ఆ తోక కింద ఉన్న పేర్లన్నిటి చిట్టా దాని దగ్గరే ఉంటుంది. డాట్ కామ్ చిట్టా వెరిసైన్ అనే అమెరికన్ కంపెనీది. మన డాట్ ఇన్ చిట్టాను 2005 నుంచి నిక్సీ అనే మన దేశపు సంస్థ చూస్తోంది. మనబోటివారు రిజిస్ట్రీ దగ్గరికి నేరుగా పోలేరు, రిజిస్ట్రార్ అనే అమ్మకందారు ద్వారానే నమోదు చేయించుకోవాలి. కామ్, ఆర్గ్ వంటి తోకల విషయంలో వీరందరూ పాటించవలసిన నిబంధనలను 1998లో ఏర్పడిన ఐకాన్ నిర్ణయిస్తుంది.

ఇదంతా చెబితే మా బావ వేసిన ప్రశ్న ఒక్కటే: “దుడ్డిచ్చి కొన్నాం గదరా, మళ్లా ఏటేటా ఎందుకు కట్టాల?” కొనడమన్నది ఇందులో లేదు. ఇది పొలాన్ని గుత్తకు తీసుకోవడం లాంటిది. ఎవరి పేరున కాగితం ఉంటే వారిదే అనుభవం, గడువు దాటితే పొలం మరొకరికి పోతుంది. డాట్ కామ్‌లో ఒకేసారి అత్యధికంగా పదేళ్ల వరకే తీసుకోవచ్చు. గడువు ముగిశాక రిజిస్ట్రార్‌ను బట్టి సుమారు 45 రోజుల వరకు మామూలు రుసుముతోనే పునరుద్ధరించుకోవచ్చు. అది దాటితే 30 రోజుల రిడెంప్షన్, అంటే విడిపించుకునే గడువు. అప్పుడు అదనపు రుసుము పడుతుంది, అది ఏడాది రుసుముకు ఎన్నో రెట్లు. ఆ తర్వాత 5 రోజులు పేరు ఎవరి చేతిలోనూ ఉండదు, ఆపైన ముందు పట్టుకున్నవారిదే. మేము ఆ రెండో మెట్టు మీద ఉన్నాము.

అసలు చిక్కు కాగితం ఎవరి పేరున ఉందన్న దగ్గర వచ్చింది. సైట్ తయారుచేసిన కుర్రవాడు పేరును తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో నమోదు చేసి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. గడువు గుర్తుచేసే మెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి. రిజిస్ట్రార్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఫ్యాక్టరీ మాది, బిల్లులు మావి అని ఎంత చెప్పినా, ఖాతాదారు అడిగితేనే విడిపిస్తామన్నారు. నిబంధన ప్రకారం వారు చెప్పింది సరైనదే. చివరికి అతని నంబరు దొరికింది, మేము డబ్బు పంపాము, అతను విడిపించి యజమాని వివరాలు మా బావ పేరుకు మార్చాడు. అలా యజమాని మారితే సాధారణంగా 60 రోజుల వరకు పేరును వేరే రిజిస్ట్రార్‌కు తరలించనివ్వరు, కాబట్టి అంతవరకు అక్కడే ఉంచి, తర్వాత ఆథ్ కోడ్ (పేరును తరలించడానికి పాత రిజిస్ట్రార్ ఇచ్చే రహస్య సంకేతం) తీసుకుని మా సొంత ఖాతాలోకి తెచ్చుకున్నాము. యజమాని వివరాలు మారినప్పుడు ఈమెయిల్‌కు ఒక ధ్రువీకరణ లింకు వస్తుంది. 15 రోజుల్లోగా దానిని నొక్కకపోతే సైట్ ఆగిపోతుంది. చాలామంది దానిని ప్రకటన అనుకుని తీసిపారేస్తారు.

పనిలో పనిగా డాట్ ఇన్ కూడా తీసుకున్నాము. ఇక్కడ స్పెల్లింగ్ ఆలోచించవలసి వచ్చింది. ఊరి పేరు ఇంగ్లీషులో 2005లో మారినా, బయటి బిల్డర్లు, ఆర్కిటెక్టులు ఈ బండలను ఇప్పటికీ సీ, యూ, రెండు డీలు ఉన్న పాత స్పెల్లింగ్‌తోనే వెతుకుతారు. అందుకని పాత స్పెల్లింగ్‌తో ఒకటి, కొత్తదానితో ఒకటి తీసుకుని, రెండూ పాత డాట్ కామ్ సైట్‌కే చేరేలా పెట్టాము.

మా మేనల్లుడు డాట్ ఏఐ తీసుకుందామన్నాడు. రెండక్షరాల తోకలన్నీ దేశాలకు, ప్రాంతాలకు కేటాయించినవే. ఏఐ కరీబియన్ సముద్రంలోని ఆంగ్విల్లా ద్వీపానిది, టీవీ తువాలుది. బండలు అమ్మేవారికి అది ఎందుకు? డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్ వంటి కొత్త తోకలకు మొదటి ఏడాది ధర చాలా తక్కువగా చూపిస్తారు కానీ, రెండో ఏడాది ధర ఎంతో చూసి తీసుకోవడం మంచిది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ కూడా ఉంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే మా కొనుగోలుదారులు తెలుగులో టైప్ చేసేవారు కారు, అలాంటి ఈమెయిల్‌ను చాలా ఫారాలు ఒప్పుకోవు కూడా, అందుకని వదిలేశాము.

కొన్ని తోకలు అడిగినవారందరికీ రావు. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ కార్యాలయాలకే, ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకే. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ కిందికి మారవలసి వచ్చింది. ఆ పేర్లను హైదరాబాదులో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ మాత్రమే నమోదు చేస్తుంది. కుడి నుంచి చదివే అలవాటు నాకు బాగా పనికొచ్చింది ఇక్కడే. ‘మీబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్-కేవైసీ డాట్ కామ్’ అని ఎవరైనా పంపితే, అందులోని అసలు పేరు చివరి ‘ఇన్-కేవైసీ డాట్ కామ్’ మాత్రమే. దాని ఎడమవైపు ఏ బ్యాంకు పేరునైనా ఆ యజమాని తన ఇష్టంగా తగిలించుకోవచ్చు. డాట్ ఆర్గ్ కూడా సేవాసంస్థలకే ఇస్తారన్న నమ్మకం మన దగ్గర ఉంది కానీ, దానిని ఎవరైనా తీసుకోవచ్చు.

పేరు చేతికి వచ్చాక దానిని సైట్‌కు కలపాలి. కొత్త ఖాతాలో నేమ్ సర్వర్లు (పేరు ఎక్కడికి చేరాలో చెప్పే కంప్యూటర్లు) మార్చి, ‘ఏ’ (A) అనే రికార్డులో హోస్టింగ్ వారిచ్చిన అంకెల చిరునామా, ఎంఎక్స్ రికార్డులో మెయిల్ సర్వర్ పేరు రాశాను. ఆ ‘ఏ’ రికార్డు ఒక్కటే రాస్తే సైట్ వస్తుంది కానీ ఆర్డర్ల మెయిళ్లు రావు. ఈ మార్పు అన్నిచోట్లకూ చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. నా ఫోన్‌లో సైట్ తెరుచుకున్న సాయంత్రానికి ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో ఇంకా రాలేదు.

ఇప్పుడు డాట్ కామ్‌కు ఐదేళ్లు కట్టి ఉంచాము. రిజిస్ట్రార్ ఖాతాకు ఫ్యాక్టరీ మెయిల్ ఇవ్వలేదు, ఎందుకంటే పేరు ఆగిన రోజున ఆ మెయిల్ కూడా ఆగుతుంది, గుర్తుచేసే ఉత్తరాలు ఎవరికీ చేరవు. ఖాతాకు జీమెయిల్ ఇచ్చాము, ఓటీపీ మా అక్క ఫోన్‌కు వస్తుంది.