స్కేలు లేని పర్‌స్పెక్టివ్

పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాగేసుకునేవారు. మిగిలిన రోజుల్లో మా డ్రాయింగ్ మాస్టారు చూపించిన ప్రింట్లలో నన్ను వదలనిది, ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ 1887 ప్రాంతంలో వేసిన సాంత్ విక్త్వార్ కొండ. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆయన సొంతూరు ఎక్స్‌కు దగ్గర్లోనే ఉంటుందా కొండ. బొమ్మలో ఎడమ పక్కన పెద్ద పైన్ చెట్టు, కింద పొలాలు, కుడివైపు దూరంగా రైలు వంతెన.

బొమ్మలో దూరం చూపించే పద్ధతిని పర్‌స్పెక్టివ్ అంటారు. అప్పటికి మాకు అదంటే స్కేలు పెట్టి గీసే రైలు పట్టాలే. అవి పోయి పోయి ఒక చుక్కలో కలవాలి. డ్రాయింగ్ లోయర్ పరీక్షకు అది చాలు. ఈ బొమ్మలో ఆ చుక్క చూపించమంటే అందరం తెల్లమొహం వేశాం. "రంగుల్లో వెతకండ్రా" అన్నారు మాస్టారు. దగ్గరి పొలాల్లో పసుపు, ఆకుపచ్చ. కొండ దాకా వెళ్ళేసరికి నీలం, లేత గులాబి. వేడి రంగులు ముందుకొస్తాయి, చల్లనివి వెనక్కి జరుగుతాయి. ఎరుపు, పసుపులతో వెలుగు చూపిస్తే సరిపోదు, గాలి ఉన్నట్టు అనిపించాలంటే నీలం కూడా తగినంత పడాలని సెజాన్ 1904లో చిత్రకారుడు ఎమిల్ బెర్నార్‌కు ఉత్తరం రాశాడు.

అసలు తమాషా వేరే ఉంది. అంత దూరం చూపించి, మళ్ళీ తనే దాన్ని చెరిపేశాడు. పైన్ కొమ్మలు సరిగ్గా కొండ అంచు వంపులోనే సాగుతాయి. కొండ మీది గులాబి కొమ్మల్లోనూ తగులుతుంది. దాంతో మైళ్ళ దూరపు కొండ కొమ్మ పక్కకే వచ్చినట్టుంటుంది. నా లెక్కన ఇది స్కేలుతో తేలే పని కాదు.

చాలా ఏళ్ళకు లండన్ కోర్టాల్డ్ గ్యాలరీలో అసలు బొమ్మ చూశాను. మీటరు వెడల్పు కూడా లేదు! ప్రింట్‌లో నున్నగా కలిసిపోయిన చోట, కుంచె గీతలు నాటిన వరి మడిలా విడివిడిగా, వరసగా ఉన్నాయి. కింద మూలన సెజాన్ సంతకం. ఆయన సంతకం పెట్టిన బొమ్మలు తక్కువే. ఎక్స్‌లో ప్రదర్శనకు పెడితే జనానికి ఇది అర్థం కాలేదట. జొయాకిం గాస్కే అనే కుర్ర కవి మాత్రం మెచ్చుకుంటే, సంతకం చేసి అతనికే ఇచ్చేశాడు.

ఈ కథ క్లాసులో విన్న రోజు, మీ బొమ్మ మెచ్చుకుంటే మాకూ ఇస్తారా అని మాస్టారిని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

"ముందు హోంవర్క్ బొమ్మ ఇవ్వరా" అన్నారాయన.