ప్రొఫెషనల్ ఓబో కొనాలా, ఆగాలా?

కొన్ని నెలలుగా బుర్రలో ఇదే గొడవ. ఓబో అంటే జంట రీడ్‌తో (ఊదితే కంపించే సన్నని రెల్లు ముక్కలతో) వాయించే వాద్యం. నాది నేర్చుకునేవాళ్ల కోసం చేసే స్టూడెంట్ మోడల్. దానికి లెఫ్ట్ ఎఫ్ కీ, అంటే ఎఫ్ స్వరం కోసం ఎడమ చేత్తో నొక్కే మీట, లేదు. డి నుంచి ఎఫ్‌కి వెళ్లాలంటే ఫోర్క్ ఫింగరింగే (మధ్య వేలు ఎత్తి, దానికి అటూ ఇటూ వేళ్లతో మూసే పద్ధతి) దిక్కు. మిగతా స్వరాలన్నీ హాయిగా పలుకుతుంటే అదొక్కటే ముక్కు మూసుకుని పాడినట్టు వస్తుంది. అన్నిటికన్నా కింద ఉండే బి ఫ్లాట్ అయితే అసలే లేదు.

మొన్న మా టీచర్ గారు తన లొరే కంపెనీ ఓబో చేతికిచ్చి వాయించమన్నారు. పారిస్‌లో 1881 నుంచీ ఓబోలు చేస్తున్న సంస్థ కదా, ముందు చేతులు వణికాయి. నా రీడే పెట్టి, రోజూ వాయించే ఎట్యూడే (సాధన పాఠమే) మొదలుపెట్టాను. లెఫ్ట్ ఎఫ్ నొక్కగానే ఆ స్వరం పక్కవాటితో ఇట్టే కలిసిపోయింది. శ్రుతి సరిచేయడానికి పెదవులు పడే అవస్థ కూడా బాగా తగ్గింది. పై స్వరాల్లో కీచుదనం మాత్రం అలాగే ఉంది. అది రీడ్ చలవ! ఎంత ఖరీదైన ఓబో కొన్నా రీడ్ చెక్కడం తప్పదు.

అసలు టెన్షన్ చెక్కతోనే. కొత్త గ్రెనడిల్లా (నల్లటి గట్టి చెక్క) ఓబోని మొదట్లో రోజూ కాసేపే వాయించాలి. ఊపిరి తేమకి లోపలి చెక్క ఉబ్బి, బయట పొడిగా ఉండిపోతే పై జాయింట్ (ఓబో పై భాగం) పగలొచ్చు. నాకంత ఓపిక లేదు. అందుకే పై జాయింట్ సింథటిక్‌ది ఉన్న మోడల్, లేదా బాగా వాయించి కుదురుకున్న సెకండ్ హ్యాండ్‌ది చూస్తున్నా. ట్రయల్‌కి ఇస్తే సరే. నా రీడ్లు, శ్రుతి చూసే ట్యూనర్ పట్టుకుని వెళ్తా. టెక్నీషియన్ చూడకుండా మాత్రం డబ్బు కట్టను.