ఉలవ వచ్చి 26 రోజులు

మొదటి రోజు, శనివారం. జంతువుల షెల్టర్ నుంచి పిల్లిపిల్లని తీసుకుని తార్నాకలో మా ఇంటి దాకా ఆటోలో రావడానికి నలభై నిమిషాలు పట్టింది, క్యారియర్‌లోంచి ఒక్క అరుపు కూడా రాలేదు, నాకు దానికే ఎక్కువ భయమేసింది. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి కాబట్టి వయసు నాలుగు నెలలుంటుందన్నారు. బరువు 1.4 కిలోలు. ఒళ్లంతా ఉలవల రంగు, అందుకే ఆ పేరు పెట్టాను.

పిల్లిని ఇచ్చే ముందు చాలా అడిగారు: సొంతిల్లా అద్దెదా, ఓనర్ ఒప్పుకున్నారా, బాల్కనీకి ఏం కట్టారు అని. మాది మూడో అంతస్తు. పావురాలు రాకుండా కట్టించిన నైలాన్ వల ఉందంటే, అది చాలదు, కొరికేస్తుంది, స్టీల్ మెష్ వేయించి ఫొటో పంపండి అన్నారు. దానికి ఇంకో వారం పట్టింది. అప్పుడు విసుగొచ్చింది కానీ, ఇప్పుడు అది ఆ మెష్‌కి ముక్కు ఆనించి పావురాల్ని చూస్తూ గంటలు గంటలు కూర్చుంటుంటే వాళ్లు పట్టుబట్టడమే మంచిదైందనిపిస్తోంది.

ఇల్లంతా ఒకేసారి చూపించకుండా చిన్న గదిలోనే పెట్టాను. షెల్టర్‌లో అది పడుకున్న పాత టవల్ అడిగి తెచ్చుకున్నాను, ఉతకలేదు, ఆ వాసన ఉంటే కాస్త ధైర్యంగా ఉంటుందని. తీరా క్యారియర్ తలుపు తీయగానే మంచం కింద మూలకి వెళ్లిపోయింది.

2, 3 రోజులు. పగలు ఏమీ తినలేదు. పిల్లులు రోజుల తరబడి తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికొస్తుందని చదివి ఉన్నాను, దాంతో టెన్షన్. అమ్మేమో "జర పాలు పొయ్యవే, పసిది, ఆకలికి చస్తది" అని ఒకటే గొడవ. పాలు మానేసిన వయసు పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవమ్మా, విరేచనాలవుతాయి అంటే నమ్మలేదు. పిలవడం, చెయ్యి చాపడం మానేసి గదిలో నేల మీద కూర్చుని నా పని నేను చేసుకున్నాను. రాత్రి రెండింటికి గింజలు నమిలే చప్పుడు వినిపించింది. షెల్టర్‌లో పెట్టిన ఫుడ్డే పెట్టి, ఎనిమిది రోజుల్లో కొంచెం కొంచెంగా కొత్తదానికి మార్చాను.

5 నుంచి 8. అసలు తంటా ఇక్కడే. లిటర్ డబ్బా (పిల్లి ఒకటికీ రెంటికీ వెళ్లడానికి మట్టిలాంటి లిటర్ పోసి పెట్టే డబ్బా) పక్కనే ఉన్నా కాళ్లు తుడుచుకునే పట్టా మీదే పోస్తోంది, రోజుకి మూడుసార్లు. నేను తుడవడం, అది మళ్లీ పోయడం. యూరిన్ ఇన్‌ఫెక్షనేమో అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. టెంపరేచర్ 101.6, పిల్లులకి అది మామూలేనట, యూరిన్ టెస్ట్ కూడా బాగానే ఉంది. అంతా చూశాక ఆయన అడిగింది ఒకటే, "గది దేంతో తుడుస్తున్నారమ్మా?" ఫినాయిల్‌తో. డబ్బా కూడా దాంతోనే కడిగాను, శుభ్రంగా ఉండాలని.

ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ లాంటి రసాయనాల్ని పిల్లి లివర్ మన లివర్‌లా విరగ్గొట్టలేదట. తుడిచిన నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటే చాలు, లోపలికి పోతుంది. ఆ ఘాటు వల్లే డబ్బా దగ్గరికి పోవడం లేదేమో అన్నారు. ఇంటికి రాగానే ఫినాయిల్ సీసా పారేశాను, బీరువాలోని కలరా ఉండలు కూడా. కొత్త డబ్బా కొని, వాసన లేని లిటర్ రెండంగుళాల మందాన పోసి, తిండి గిన్నెకి దూరంగా ఇంకో మూలలో పెట్టాను. నేలకి వేడినీళ్లు మాత్రమే. పనావిడకి కూడా కారణం వివరంగా చెప్పాను.

9వ రాత్రి డబ్బాలో గోకుతున్న చప్పుడు. లైట్ వేయకుండా అలాగే విన్నాను. తర్వాత ఒక్కసారి కూడా బయట పోయలేదు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లికి ఒక్క మాత్ర పడినా చచ్చిపోవచ్చు. కుక్కలకి వాడే పర్మెత్రిన్ పిడుదుల మందు కూడా అంతే. పెంచుకునేవాళ్లు దయచేసి గుర్తు పెట్టుకోండి.

14వ రోజు గది తలుపు తీసి పెట్టాను. మిక్సీ వేస్తే ఇప్పటికీ పరుగే. 19వ రోజు నా కాలికి తల రుద్దింది.

26. బరువు 1.85. షెల్టర్‌లో ట్రైక్యాట్ (పిల్లులకొచ్చే మూడు జబ్బులు రాకుండా వేసే టీకా) ఒక డోసు వేశారు, రెండోది, దాంతోపాటు రేబీస్ టీకా వచ్చే మంగళవారం. ఇంకో రెండు నెలల్లోపు స్టెరిలైజేషన్, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చేయిస్తానని సంతకం పెట్టి వచ్చాను, చేయిస్తాను. మంగళవారం ప్రయాణానికి బెదరకుండా క్యారియర్ తలుపు తీసి, ఆ పాత టవల్ లోపల పరిచి హాల్లో పెట్టాను. నిన్న మధ్యాహ్నం అందులో పడుకుంది. అమ్మ పక్కనే కూర్చుని, చప్పుడు కాకుండా చిక్కుడుకాయలు ఒలుస్తోంది.