గోరింటాకు పండిన చేతులు

జులై 9.

ప్రతి నెలా 9వ తేదీ మా పీహెచ్‌సీలో గర్భిణుల పరీక్షల రోజు. పొద్దున తొమ్మిదిన్నరకే వరండా నిండిపోయింది. ఆషాఢం కదా, వచ్చినవాళ్లలో సగం మంది చేతులు ఎర్రగా పండి ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ నా పని కష్టమైంది. రక్తం తక్కువేమో తెలియాలంటే అరచేతి గీతలు, గోళ్ల రంగు చూడాలి. అవన్నీ గోరింటాకు కింద దాగిపోయాయి.

పదకొండు దాటాక ఒక అమ్మాయి వచ్చింది. తొలి చూలు, ఏడు నెలలు నిండాయి, పుట్టింట్లో ఉంది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. "ఎంత బాగా పండిందో చూడండి మేడమ్" అని వాళ్లమ్మ మురిసిపోతూ చెయ్యి చాపించింది. నేను ఆ పిల్ల ఆయాసం చూస్తున్నాను. వరండా నుంచి నా బల్ల దాకా వచ్చేసరికే గోడ పట్టుకుని నిలబడింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ట్యూబ్‌లైట్ వెలుగులో పాలిపోయిన రంగు సరిగ్గా తెలియదు. "పైకి చూడు తల్లీ" అంటూ బొటనవేలితో కింది రెప్పను మెల్లగా దించాను. ఆరోగ్యంగా ఉన్న కంట్లో రెప్ప అంచు లోపల ఎర్రటి చార ఒకటి ఉంటుంది, దాని వెనక భాగం లేత రంగులో ఉంటుంది. నేను వెతికేది ఆ తేడానే. ఈమెకు ఆ చార లేనే లేదు. ముందూ వెనకా ఒకటే తెలుపు. నాలుక నున్నగా ఉంది, పెదవుల మూలలు చిట్లాయి. గోరింటాకు గోళ్ల రంగు దాచింది కానీ ఆకారం దాచలేదు. బొటనవేలి గోరు మధ్యలో గుంటపడి, నీటి చుక్క వేస్తే నిలిచేలా ఉంది.

"బియ్యం తింటున్నావా?" అని నెమ్మదిగా అడిగితే తల దించుకుంది. "ఎన్నిసార్లు చెప్పినా వినదు మేడమ్" అని వాళ్లమ్మ అందుకుంది. తిట్టొద్దన్నాను. ఐరన్ తగ్గినవాళ్లకు బియ్యం, మట్టి, బలపాల మీదికి మనసు పోతుంది, అది ఆ పిల్ల తప్పు కాదు. ఎర్ర మాత్రలు ఇచ్చారు కానీ, విరేచనం నల్లగా అవుతోందని భయపడి ఆపేసిందట. ఐరన్‌తో అలా అవడం మామూలేనని ఇచ్చిన రోజే ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

సిస్టర్ వేలికి గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ 6.8. గర్భిణికి కనీసం 11 ఉండాలి, 7 లోపు అంటే ప్రమాదం. "చేతులు ఇంత ఎర్రగా ఉంటే రక్తం లేకపోవడమేంటమ్మా?" అంది తల్లి, నమ్మలేక. ఆమెను కూడా కిటికీ దగ్గరికి పిలిచి కూతురి కన్ను చూపించాను. ఇంకేం మాట్లాడలేదు, కూతురి భుజం మీద చెయ్యేసింది. 108 పిలిపించి ఏరియా ఆసుపత్రికి పంపాను.

మధ్యాహ్నం ఇంకొకావిడ, ఐదో నెల, బడిలో వంట చేస్తుంది. రెప్పల లోపల ఎర్రగానే ఉంది, బాగానే ఉందనుకున్నాను. పరీక్షలో 9.3 వచ్చింది! రోజూ కట్టెల పొయ్యి పొగకు కళ్లు మండి ఎర్రబడ్డాయంతే. తెల్లగా కనిపిస్తే అనుమానించాల్సిందే, కనిపించలేదని వదిలేయడానికి మాత్రం లేదు. కొద్దిపాటి రక్తహీనతను మన కన్ను పట్టుకోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటి చోట రెప్ప చూసి "బాగుందమ్మా, వెళ్లిరా" అనడం నాకు భయంగా ఉంటుంది. ఆవిడకు రోజుకు రెండు మాత్రలు రాశాను. టీతో కలిపి వేసుకోవద్దని, విరేచనం నల్లగా అయితే కంగారు పడొద్దని రెండుసార్లు చెప్పాను.

సాయంత్రం ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. ఆ అమ్మాయిని వార్డులో చేర్చుకున్నారట, రక్తం గ్రూపు చూస్తున్నారట. వంటావిడ పేరు పక్కన 9.3 అని ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నాను, వచ్చే 9న మళ్లీ చూడాలి.